కోడిపిల్లల బల్బు

ఎనభైల మొదట్లో, నంద్యాల కాలేజీలో చదివే రోజుల్లో, నాకు రెండు కారణాల వల్ల పేరుండేది. వాదన పోటీల్లో ఎదుటివాడికి జవాబు దొరకని ప్రశ్న వేయడం ఒకటి. కాలేజీ ప్రదర్శన కోసం ఒక స్నేహితుడితో కలిసి తయారుచేసిన ఇన్వర్టర్ రెండోది. దాన్ని బండి బ్యాటరీకి కలిపితే ఇంట్లో వాడే బల్బు వెలిగేది. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. ప్రదర్శన ముగిశాక ఆ ఇనుప పెట్టెను ఆళ్లగడ్డలోని మా ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ ఏడు వానాకాలం చివర మా అక్క నెలలు నిండకుండానే ఆడపిల్లను కన్నది. నంద్యాల ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సు మరీ మరీ చెప్పింది, బిడ్డ ఒళ్లు చల్లబడకూడదని. గంపలో దూది పరిచి, పైన అరవై వాట్ల బల్బు వేలాడదీసి, ఆ వెచ్చదనంలో బిడ్డను కాపాడుకుంటూ వచ్చాం.

ఒక ఉదయం గాలివానకు కరెంటు స్తంభాలు కూలాయి. ఎదురింటి జీపు డ్రైవరు, మేము అడగకముందే, తన జీపు బ్యాటరీ ఊడదీసి మోసుకొచ్చాడు. బ్యాటరీకీ బల్బుకూ మధ్య కలపడానికి నేను తెచ్చిపెట్టిన ఇన్వర్టర్ పెట్టెను చూసి ఆగాడు.

"ఇదేందప్పా మధ్యలో? నా హెడ్‌లైటు బల్బు ఇస్తా. రెండు వైర్లు కలిపితే నేరుగా మండుతాది."

"దాని వేడి ఎంతో నీకు తెలుసా అన్నా?"

"తెల్దు."

"ఎంతసేపు మండుతుందో లెక్క కట్టినావా?"

"లెక్కలు నాకేం తెల్సప్పా."

"మరి చంటిబిడ్డకు హెడ్‌లైటు పెట్టింది యాడ చూసినావ్?"

"కోళ్లు పెంచేటోళ్లు పెడతాండారు. కోడిపిల్లలకు."

"మా అక్క బిడ్డ కోడిపిల్లనా?"

అందరూ నవ్వారు. పురుడైనప్పటి నుంచి నవ్వని అక్క కూడా నవ్వింది. డ్రైవరూ నవ్వి, "నీతో మాట్లాడి గెలిచేదుందా" అంటూ పక్కకు తప్పుకున్నాడు. వాదన పోటీలో ఎదుటివాడు ఊరుకుంటే ఓడినట్టు లెక్క. ఆ నియమాన్ని మా వసారాలో కూడా పాటించాను.

ఇన్వర్టర్ గుయ్యిమంటూ పనిచేసింది. బల్బు వెలిగింది. కాసేపటికి అమ్మ పెట్టె మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. "ఇది కాల్తాంది రా. గంప కంటే ఇదే వేడిగా ఉంది." అది మామూలేనన్నాను. బ్యాటరీలోని శక్తిలో సగం దాకా ఆ పెట్టెను కాల్చడానికే పోతోందని, బిడ్డకు చేరవలసిన వేడి నా చేతిపని తినేస్తోందని, భౌతికశాస్త్రం చదివిన నాకు అప్పుడు తట్టలేదు.

మధ్యాహ్నం దాటాక బల్బు పసుపుపచ్చగా మారింది. తరువాత ఎర్రబడి, ఆరిపోయింది. వంటచెరకు తడిసి పొగ తప్ప మంట రాలేదు. బిడ్డ పాదాలు చల్లబడ్డాయి. నంద్యాల తీసుకుపోదామని బ్యాటరీని మళ్లీ జీపుకు బిగించాం. అందులో ఇంజన్‌ను తిప్పేటంత శక్తి కూడా మిగల్లేదు. బురదలో ఆరుగురం కలిసి తోశాం. ఎన్నోసారికో ఇంజన్ అందుకుంది. అమ్మ బిడ్డను చీర లోపల రొమ్ముకు అదుముకుని దారి పొడుగునా ప్రార్థిస్తూనే ఉంది.

"ఎంతసేపటి నుంచి ఇట్లా చల్లగా ఉంది?" అని నర్సు అడిగింది. డ్రైవరు నా ముఖం చూశాడు. చీకటి పడేలోగా బిడ్డ పోయింది.

వారం తరువాత డ్రైవరు ఇంటికి వెళ్లి, ఆ రోజు మరింత గట్టిగా ఎందుకు చెప్పలేదని అడిగాను. నిందను పంచుకునే మనిషి కోసం వెతికాననడమే నిజం. అతడు నా మాటను తప్పుపట్టలేదు.

"సదువుకున్నోనివి. నీకు తెల్సనుకుంటి."

ఛార్జి చేయించిన బ్యాటరీని, హెడ్‌లైటు బల్బును అడిగి తెచ్చుకున్నాను. ఆ రోజు వెలిగించిన వేళకే, ఖాళీ గంప మీద వెలిగించాను. పెట్టె లేదు, చప్పుడు లేదు. బల్బు కింద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. అది త్వరగా ఆరిపోవాలని కోరుకుంటూ ఎదురుగా కూర్చున్నాను. అన్నం తినడానికి లేవలేదు. మొదటి బల్బు ఆరిన వేళ దాటింది. ఎండ వాలింది. వెలుగు తగ్గలేదు.

అక్క లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. గంపను చూసింది, బల్బును చూసింది.

"ఇంకా మండుతాందా?" అంది.

తలూపాను.

"ఆర్పెయ్."

వైరు తీసేశాను.