పద్నాలుగు పెట్టెలు, ఒకటే పాస్‌వర్డ్

మా మేనత్త చేతిరాత అచ్చేసినట్టు ఉంటుంది. ఆ చేతిరాతే ఆమె కొంప ముంచింది.

ఊరికి నీళ్ళు పంపే పంపుహౌసుల్లో ఆమె ఎలక్ట్రీషియన్. ట్యాంకు నిండిందో లేదో మోటారుకి కబురు పంపే వైర్‌లెస్ పెట్టెలు పద్నాలుగున్నాయి. ఎనిమిదేళ్ళ కిందట అన్నీ ఆమే బిగించింది. యాభై నాలుగేళ్ళ వయసులో కూడా స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య పెట్టుకుని నిచ్చెన చివరిదాకా ఎక్కుతుంది. చదువు ఎగ్గొట్టిన నాలాంటివాడు మూడో మెట్టు మీదే దేవుణ్ణి తలుచుకుంటాడు.

పెట్టెలన్నీ ఫ్యాక్టరీ నుంచి ఒకటే పాస్‌వర్డ్‌తో వచ్చాయి. బిగించగానే మార్చాలి. మారిస్తే షిఫ్టువాళ్ళు మర్చిపోయి, వేళాపాళా లేకుండా ఇంటికి ఫోన్లు చేస్తారని అత్త మార్చలేదు. పైగా ప్రతి మూత లోపలా ఎర్రరంగుతో ముత్యాల్లా రాసిపెట్టింది. కాగితం మీద మాత్రం ‘మార్చడమైనది’ అని సంతకం చేసింది. అందరూ చేసేదే. అయినా తప్పు తప్పే.

ఈ ఏడాది ఆ పెట్టెలు చేసిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పాత సాఫ్ట్‌వేర్‌లో లొసుగు ఉందట. ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంటే, గోడ బయట నిలబడ్డ ఎవడైనా ఫోనుతో లోపలికి దూరి మోటారు ఆపేయొచ్చు, ఎవరు ఆపారో ఎక్కడా నమోదు కాదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పాస్‌వర్డ్ మార్చి, ఫారం నింపి పంపమన్నారు. ఫారంలో ఒక గడి ఉంది: బిగించినప్పుడు పాస్‌వర్డ్ మార్చారా?

చప్పుడు చెయ్యకుండా ఇప్పుడు మార్చేసి ‘మార్చాం’ అని రాసెయ్యమన్నాడు ఇంజనీరు. ఫోర్‌మన్ పోస్టుకి జాబితాలో మొదటి పేరు అత్తదే. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన కుర్చీ అది.

అత్త రాసేసేదే. కానీ ఆరో నంబరు పంపుహౌస్ ఆపరేటర్ గుర్తొచ్చాడు. షిఫ్టువాళ్ళు ఆయన్ని గొణుగుడు అంటారు, ఎదురుగా కాదనుకోండి. అత్తకీ ఆయనకీ క్షణం పడదు. రెండు నెలల కిందట ఆయన షిఫ్టులో మోటారు దానంతటదే ఆగి సగం ఊరికి నీళ్ళు రాలేదు. ఏదో మీట నొక్కి ఒప్పుకోవడం లేదని ఆయన్ని సస్పెండ్ చేశారు. నేను ముట్టుకోలేదని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. అత్త కూడా వినలేదు.

గడిలో ‘లేదు’ అని రాసింది. కింద తన పేరు, తేదీ, అబద్ధం సంతకం పెట్టిన సంగతి కూడా రాసింది.

“ఏంటక్కా ఇది, చేతికొచ్చిన కుర్చీని తన్నేస్తారా?” అన్నాడు ఇంజనీరు.

“ఆయన నోరంటే నాకు ఒళ్ళు మంట బాబూ. కానీ తలుపు తీసిపెట్టింది నేను. దొంగతనం ఆయన మీద పెడితే ఎలా?”

ఆ రోజే పని మొదలుపెట్టింది. మోటార్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వారంలో పదమూడు పెట్టెలు బాగుచేసింది. విచారణవాళ్ళు చూడాలని ఆరో నంబరు పెట్టెని మాత్రం ముట్టుకోకుండా వైరు పీకి ఉంచింది. అక్కడి మోటారుని చేత్తోనే నడిపించారు. మోటారు ఆగిన రోజు ఎవరైనా దూరారో లేదో విచారణలోనూ తేలలేదు. మూత లోపలి ఎర్ర అక్షరాలు చూశాక ఆపరేటరే ఆపాడని మాత్రం ఎవరూ అనలేకపోయారు. ఆయన తిరిగి పనిలో చేరాడు. ఫోర్‌మన్ కుర్చీ జాబితాలో రెండో పేరుకి పోయింది.

చివరి పెట్టె మూతని అత్త పైన నిలబడి చాకుతో గీకుతుంటే, ఆ ఆపరేటర్ కింద నిచ్చెన పట్టుకున్నాడు.

“ఇప్పుడు పాస్‌వర్డ్ ఎక్కడ రాశావ్ అమ్మాయ్?”

“కవర్లో పెట్టి సీలేసి ఆఫీసు బీరువాలో పెట్టా. కావాలంటే అర్జీ పెట్టుకోండి.”

“ఎవరికి, ఫోర్‌మన్‌కా?” అన్నాడు అలవాటుగా. అని, నాలుక కరుచుకున్నాడు.

“ఆయనకే. నిచ్చెన సరిగ్గా పట్టుకోండి” అంది అత్త.

ఎర్ర పెచ్చులు బట్టతల మీద రాలుతున్నా, ఆయన రెండు చేతులతోనూ పట్టుకునే ఉన్నాడు. ఒక్కసారి కూడా గొణగలేదు.