రెండు చోట్ల ఒకే బావి

కాగితాన్ని నొక్కి బొమ్మలు చెయ్యడం నేను మొదలుపెట్టి రెండేళ్లవుతోంది. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. వారమంతా తెర మీదికి చూసి చూసి, సెలవు రోజుల్లో చేతికి తగిలే పని ఏదైనా ఉంటే బాగుండుననిపించింది. పద్ధతి కష్టమేమీ కాదు. కావలసిన ఆకారాన్ని అట్టలో కోసి, ఆ అట్టను కిటికీ అద్దానికి అతికించాలి. దాని మీద మందపాటి తెల్ల కాగితం పెడితే, బయటి వెలుతురుకి కోసిన అంచులు కనిపిస్తాయి. ఆ అంచుల వెంట అల్లిక సూది మొద్దు మొనతో మెల్లగా నొక్కుకుంటూ పోవాలి. కాగితం తిప్పి చూస్తే అటువైపు ఆకారం ఉబ్బి ఉంటుంది. రంగూ ఉండదు, సిరా ఉండదు. నీడ పడితేనే కనిపిస్తుంది.

పువ్వులు, ఆకులు అయ్యాక మ్యాపుల మీద పడ్డాను. మొదట చేసింది మా ఇంటి నుంచి ఆఫీసు దాకా దారి. నల్లగండ్ల, మసీదు బండ, కొత్తగూడ, మాదాపూర్. పెద్ద రోడ్లు లావుగా, సందులు సన్నగా, చివర దుర్గం చెరువు. అట్ట కొయ్యడానికే మూడు వారాలు పట్టింది. పేర్లేమీ రాయలేదు. ఫ్రేము కట్టించి ఆఫీసులో నా బల్ల పక్కన పెట్టుకున్నాను.

చూసినవాళ్లు చూశారు. ఒకాయన "ఇది మెదడాండీ?" అని అడిగాడు. ఒకామె ఆకు ఈనెలనుకుంది. మనం రోజూ వచ్చే దారే అని చెబితే, బాగుంది అని వెళ్లిపోయారు. నెల రోజులు అది అక్కడే ఉంది.

మా అంతస్తు శుభ్రం చేసే అక్క ఒకామె ఉంది. యాభై దాటి ఉంటాయి. ఒకరోజు బల్ల తుడుస్తూ ఆగింది.

"ఏంది మేడం, ఉత్త కాయితం పెట్టుకున్నరు?"

నేను లేచి, ఇదిగో మా ఇల్లు, ఇదిగో మన ఆఫీసు, ఇది చెరువు అని వేలితో చూపించాను. ఆమె గుడ్డ భుజాన వేసుకుని కాసేపు చూసింది.

"మీ ఇంటికెళ్లి ఆఫీసుకొస్తుంటే చెరువు కుడి చెయ్యి దిక్కుండాలె గద. గీడ ఎడమ దిక్కున్నది."

"లేదక్కా, మ్యాపు చూసే చేశాను" అన్నాను.

"ఏమో మరి" అని ఆమె వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఫోన్లో మ్యాపు తీసి ఫ్రేము పక్కన పెట్టి చూస్తే ఆమె చెప్పిందే నిజం. వెనక నుంచి నొక్కి తిప్పుతాం కాబట్టి అట్టను ముందే తిరగేసి అతికించాలి. నేను తిరగెయ్యలేదు. నల్లగండ్ల తూర్పుకి, మాదాపూర్ పడమరకి వచ్చి కూర్చున్నాయి. నెల రోజులుగా దాన్నే చూస్తూ ఇంటికీ ఆఫీసుకీ తిరుగుతున్న నాకు అది తెలియలేదు. సిగ్గు కంటే ఎక్కువగా, నాకు ఈ దారి అసలు తెలుసా అని అనుమానం వచ్చింది.

సరిగ్గా చేసిన రెండోది తీసుకెళ్లి ముందు ఆమెకే చూపించాను. చెరువు మీద చెయ్యి పెట్టి తల ఊపింది.

"మా తల్లిగారిల్లు గీన్నే ఉండె మేడం. ఇంటెనక బాయి. బాయి పక్కన రెండు బండలు, ఒకదాని మీద ఒకటి. గది గూడ పెట్టరాదు?"

"ఎక్కడ పెట్టాలో చూపించక్కా."

ఆమె వేలు కాగితం మీద కొంచెంసేపు తిరిగింది. ఎక్కడా ఆగలేదు.

"గిట్ల కాదు, పోయి చూద్దాం. రోజు బస్సు దిగి సక్క లోపలికొస్త, ఎన్నడన్న తిరిగి చూసిన్నా?"

శుక్రవారం మూడింటికి ఆమె పని అయిపోయాక ఇద్దరం బయల్దేరాం. ఆఫీసు వెనక రెండు సందులు దాటి ఒక అద్దాల భవనం గేటు ముందు ఆమె ఆగింది. "గీన్నే" అంది. నేను ఫోన్లో గుర్తు పెట్టుకున్నాను. రెండడుగులు వేసి వెనక్కి చూసింది. "కాదు, ఇంకింత ముంగట. గుట్ట దిగినంక బాయి వస్తుండె."

"గుట్ట ఏదక్కా?"

"అదే లేదు గద."

ఇంకో ఫర్లాంగు నడిచి, కార్లు పెట్టే ఖాళీ జాగా దగ్గర మళ్లీ ఆగింది. అక్కడా "గీన్నే" అంది, కానీ గొంతులో మొదటి నమ్మకం లేదు. చాయ్ బండి ఆయన్ని అడిగితే, తాను వచ్చి నాలుగేళ్లే అయిందన్నాడు. ఆమె ఆ జాగా చుట్టూ ఒకసారి తిరిగొచ్చి చెమట తుడుచుకుంది.

"పుట్టి పెరిగినదాన్ని, నాకే పరేషాన్ అయితున్నది. యాడ పెట్టినా తప్పనేటోళ్లు ఎవరున్నరు మేడం? మీకు తోచిన కాడ పెట్టున్రి."

నాకు తోచిన చోట ఎలా పెట్టడం? ఆ ఆదివారమంతా అట్ట ముందేసుకుని కూర్చున్నాను. చివరికి ఆఫీసు చుట్టుపక్కల వరకే చిన్నవి రెండు చేశాను. ఒకదాంట్లో బావీ బండలూ అద్దాల భవనం దగ్గర, రెండోదాంట్లో కార్ల జాగా దగ్గర. రెండూ ఆమెకిచ్చి, ఏది సరైనదో చెప్పమన్నాను. ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూసి, "మా అక్కనడుగుదాం. పెద్దది గద, దానికి ఎరుకుంటది" అంది.

వాళ్లక్క ఇల్లు చందానగర్‌లో. ఈమె ఇల్లూ అదే వాడలో. తర్వాతి వారం నేనూ వెళ్లాను. పెద్దామె మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కళ్లజోడు పెట్టుకుని రెండు కాగితాలూ చూసింది. రోడ్డు ఏదో, చెరువు ఏదో చెల్లెలు చెబుతుంటే వింది.

"రెండూ తప్పే" అంది. "బాయి రోడ్డుకు గీ దిక్కు లేకుండె. ఆ దిక్కు."

"నువ్వు పెండ్లయి ముందుగాల పోయినవ్, నీకేం యాదుంటది" అంది చెల్లెలు.

"నీళ్లు మోసింది నేను. నువ్వు సిన్నపోరివి."

ఇద్దరూ నా వైపు చూశారు, నేనేదో తేల్చాల్సిన దాన్ని అన్నట్టు. మాది కడప దగ్గర. ఆ గుట్ట ఉన్నప్పుడు నేను పుట్టలేదు కూడా. "మరి బండలు ఎటువైపమ్మా?" అని అడిగాను.

పెద్దామె కాయ తుంచడం ఆపింది. "ఏం బండలు?"

చెల్లెలు వంగి కాగితం మీద ఉబ్బిన బండలు చూపించింది. పెద్దామె కాగితం మీద బావి చుట్టూ బొటనవేలితో రుద్ది, "ఒడ్డు ఇంత నున్నగ లేకుండె. చేతులు కోసుకుపోయేటివి" అంది. తర్వాత చాయ్ తెప్పించింది. మాట చిక్కుడుకాయల మీదికి మళ్లింది.

ఇంటికొచ్చి మూడో అట్ట తీశాను. పెద్దామె చెప్పినట్టు రోడ్డుకు అవతల బావి గీశాను. బండల దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆఫీసు అక్కకి ఫోన్ చేశాను.

"ఉండె మేడం. నేను ఎక్కి ఆడిన" అంది. వెనక నుంచి పెద్దామె గొంతు, "లేకుండె" అని. "జర ఆగున్రి, మళ్ల చేస్త" అని ఫోన్ పెట్టేసింది. సాయంత్రం దాకా చూశాను, చెయ్యలేదు. బండలు లేకుండానే కోసి, నొక్కేశాను.

సోమవారం ఆమె బల్ల తుడవడానికి వచ్చినప్పుడు ఇచ్చాను. కాగితాన్ని కిటికీ వైపు వంచి, నీడలో చాలాసేపు చూసింది.

"ఇది మా అక్కకిస్త" అంది. మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి సంచిలో వేసుకుంది. మిగతా రెండిట్లో ఏది ఉంచుకుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కోపం వచ్చిందో లేక మామూలుగానే ఉందో కూడా నాకు తెలియలేదు. బకెట్ తీసుకుని పక్క బల్లకి వెళ్లిపోయింది.