బర్రె వీపు మీద రుక్మాబాయి

శాలిబండలో ఎవరినడిగినా "ఫోటోల కొండలా? గా బర్రెల కొట్టమిల్లు" అని చెయ్యెత్తి చూపించేవారు. ఆ ఇంట్లో ముందరి గది ఫోటోలది, వెనక కొట్టం బర్రెలది. గది కొండల్‌ది, కొట్టం అతని భార్య రుక్మాబాయిది. ఇల్లు గడిచేది మాత్రం కొట్టం మీదే. ఈ సంగతి గల్లీ మొత్తానికి తెలుసు, ఒక్క కొండల్‌కు తప్ప.

తాతల నాటి నుంచీ వాళ్లు పాలు పోసుకుని బతికినవాళ్లు. కొండల్ ఒక్కడికే ఫోటోల పిచ్చి పట్టుకుంది. పెళ్లికి ముందు ఒక స్టూడియోలో నీళ్లు మోసి, తొట్లు కడిగి పని నేర్చుకున్నాడు. స్టూడియో యజమాని ముసలివాడై దుకాణం ఎత్తేస్తూ తన పాత చెక్క కెమెరాను కొండల్ చేతిలో పెట్టాడు. దానికి ఉన్నది ఒకటే లెన్సు. నొక్కడానికి మీట కూడా లేదు. లెన్సు మూత తియ్యడం, మనసులో అంకెలు చెప్పుకోవడం, మళ్లీ మూత పెట్టడం, అంతే. స్టాండుకు ఒక కాలు పొట్టి కాబట్టి దాని కింద ఇటుక ముక్క పెట్టాలి. కెమెరా వెనక మందు పూసిన అద్దం పలక దూర్చాలి. దాన్ని ప్లేటు అంటారు. మనిషి రూపం పడేది దాని మీదే.

పంతొమ్మిది వందల ముప్ఫైల నడుమ, పెళ్లయిన కొత్తలో, ఆ కెమెరాతో కొండల్ మొట్టమొదట తీసింది రుక్మాబాయినే. పొద్దున్నే పాలు పిండి వచ్చి ఆమె గడప మీద కూర్చుంది. ఎండ ఇంకా ముదరలేదు. కదలకుండా ఉండమన్నాడు కొండల్. కదలకుండా ఉండడమనేది ఆమె వంశంలోనే లేదు. మూత తీశాడో లేదో నవ్వు ఆగక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోయింది.

ప్లేటు కడిగి ఆరబెట్టాక చూసి ఆమె బిత్తరపోయింది. తెల్లగా ఉండాల్సిందంతా నల్లగా ఉంది, నల్లగా ఉండాల్సిందంతా తెల్లగా ఉంది.

"ఏందయ్యా, నన్ను గిట్ల దయ్యం లెక్క చేసినవ్?"

"కాగితం మీదికి ఎక్కిస్తే సక్కగొస్తది. కాగితం కొనుక్క రావాలె, జర ఆగు."

ఆగడం కూడా ఆమెకు చేతకాదు. ప్లేటు పట్టుకుని కొట్టంలోకి పోయింది. అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంటే ఆ అద్దం వెళ్లి ముసలి బర్రె వీపుకు ఆనింది. వెనక నలుపు పడేసరికి, కాస్త వాల్చి చూస్తే, అందులోంచి ఆమె ముఖం తెల్లగా తేలి వచ్చింది. నవ్వు, ముక్కుపుల్ల, చెదిరిన జుట్టు, అన్నీ కనిపించాయి.

"ఓ అయ్యా, ఉరికిరా! బర్రె మీద నేనున్న!"

కొండల్ పరుగెత్తుకొచ్చి చూశాడు. ఇంకొక మగాడైతే ఎగిరి గంతేసేవాడు. ఈ మహానుభావుడికి ఆమె నవ్వు కనపడలేదు. చెయ్యి కదిలి మసకబారింది. ఒక చెవి నీడలో పడింది. వెనక గోడకు పిడకలున్నాయి. ఇవే కనపడ్డాయి.

"గిదేం ఫోటో? గీ లెన్సుతోని గింతే. మంచి సామాను రానీ, నిన్ను రాణి లెక్క తీస్త" అని ప్లేటును అటక మీద పడేశాడు. దానికోసం కాగితం కొననే లేదు.

అప్పటినుంచి సామాను పిచ్చి తలకెక్కింది. స్టాండు కింద ఇటుక చూసి జనం నవ్వుతారని ఇత్తడి బిగింపుల స్టాండు తెచ్చాడు. ఒక బర్రె పోయింది. పిడకల గోడ కనపడకుండా బొమ్మల పరదా గీయించాడు. దాని మీద పాలరాతి స్తంభాలు, మెట్లు, హంసలు, శాలిబండలో ఎవరూ కలలోనైనా చూడని తోట. ఇంకో బర్రె పోయింది. తర్వాత దీపాలు, దీపాలకు గొడుగులు. కొట్టం ఖాళీ అవుతున్న కొద్దీ ముందరి గది నిండిపోయింది. బర్రె అమ్ముడైన ప్రతిసారీ రుక్మాబాయి దానికి బెల్లం తినిపించి, మెడ నిమిరి, పలుపు విప్పి కొన్నవాడి చేతికిచ్చేది. ఆ పూట ఆమెకు అన్నం సహించేది కాదు.

"ఇగ సాలా? ఇంకేం గావాలె?" అని అడిగేది.

"ఇగ ఒక్క లెన్సే" అనేవాడు.

చిత్రం ఏమిటంటే, వచ్చేవాళ్లు ఇటుక ముక్క రోజుల్లో వచ్చినవాళ్లే. వాళ్లకు కావలసింది తమ ముఖం తమకు గుర్తుపట్టేలా రావడం ఒక్కటే. హంసల్ని చూసి ఎవరూ ఒక్క ఫోటో ఎక్కువ తీయించుకోలేదు. ఈ మాట కొండల్‌కు చెప్పినవాళ్లు ఉన్నారు. అతను చెవిన వేసుకోలేదు.

ఈలోగా కమల పుట్టింది. అచ్చు గుద్దినట్టు కొండల్ పోలిక. అదే వెడల్పు నుదురు, అవే దొప్ప చెవులు.

"మోసింది నేను, కన్నది నేను. మొకం మాత్రం మీ బాపుదా?" అని రుక్మాబాయి పిల్ల ముక్కు పిండేది. చూడవచ్చిన ఆడవాళ్లు పడిపడి నవ్వేవారు.

యూరప్‌లో లడాయి మొదలైన రోజుల్లో లెన్సు బేరం తగిలింది. బొంబాయి నుంచి వచ్చిన జర్మనీ లెన్సు. అమ్మడానికి చివరి బర్రె తప్ప ఏమీ మిగల్లేదు, దాన్ని అమ్మినా చాలలేదు. అప్పుడు అటక గుర్తొచ్చింది. ఫోటోలవాళ్లు పాత ప్లేట్లను ఉడుకు సోడా నీళ్లలో నానబెట్టి, పైపొర గీకేసి, ఉత్త అద్దాలుగా అమ్ముకోవడం మామూలే. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం సీతారాం సేటు అలాంటి అద్దాలు తీసుకుని గాజుల పెట్టెలకు మూతలుగా బిగించుకునేవాడు. కొండల్ అటక మీది ప్లేట్లన్నీ దింపాడు.

పాలు కాచే గుండిగలోనే రుక్మాబాయి నీళ్లు మరగబెట్టింది. ఒక్కో ప్లేటు ముంచి, పాల చెంబులు తోమే పీచుతోనే రుద్దింది. ఊళ్లోవాళ్ల ముఖాలన్నీ నురగై కాలువలోకి పోయాయి. నడుమ ఒక ప్లేటు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"అయ్యా, గిది నాది."

కొండల్ దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. అదే మసక చెయ్యి. అదే పిడకల గోడ.

"గది ఏం పనికొస్తది? లెన్సు వస్తది గద. దాంతోని తీస్త."

ఆమె ఒక్క క్షణం చూసింది. కొట్టంలో ఆనించి చూసుకోవడానికి బర్రె కూడా లేదు. తర్వాత ముంచి, రుద్దింది. రుద్దుతుంటే గుండిగ అంచుకు తగిలి ఒక మూల పెచ్చు లేచింది. తన ముఖాన్ని తన చేత్తోనే కడిగేసి, గుడ్డతో తుడిచి, మిగతావాటి పక్కన ఆరబెట్టింది. ఆ రోజు కొండల్ చెయ్యి ఎందుకు పడిపోలేదా అని నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

లెన్సు దూదిలో చుట్టుకుని దర్జాగా వచ్చింది. నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక మసక అద్దంలో చూస్తే రుక్మాబాయి కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. కానీ అప్పటికే లడాయి వల్ల ప్లేట్లు రావడం ఆగిపోయింది. మిగిలిన ఒకే ఒక్క ప్లేటును కొండల్ ఆమెకోసం దాచాడు. దసరా పోనీ అన్నాడు. కొత్త చీర కట్టుకున్నాక అన్నాడు. మబ్బు తొలగనీ అన్నాడు. ఇంతలో మొఘల్‌పురాలో ఒక పెద్ద దేవిడీ బంగళాలో ముసలాయన పోయాడు, ఫోటో తియ్యాలని మనిషి వచ్చాడు. కొండల్ కాదనలేకపోయాడు. ప్లేటు అక్కడ అయిపోయింది.

"సరుకు రాంగనే నీదే" అన్నాడు ఇంటికొచ్చి.

"నాకేం తొందర? నేనేడికి పోతున్న?" అంది రుక్మాబాయి. అప్పటికి ఆమె వేరేవాళ్ల బర్రెలకు పాలు పిండే పనికి పోతోంది.

ఆ ఎండాకాలం గల్లీలో కలరా తగిలింది. ముందురోజు పొద్దున పాలు పిండి వచ్చిన రుక్మాబాయి మర్నాడు పొద్దెక్కేసరికి లేదు. కమలకు అప్పుడు నాలుగేళ్లు.

ఆ గల్లీలో బతికుండగా ఫోటో లేని మనిషిని చనిపోయాక గుమ్మంలో కుర్చీలో కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, దండ వేసి ఫోటో తీయించడం రివాజు. కొండల్ ఎన్నో ఇళ్లకు తీశాడు. రుక్మాబాయినీ అలాగే కూర్చోబెట్టారు. ఆమె తల్లి బుచ్చమ్మ వచ్చి అల్లుడి చేతులు పట్టుకుంది.

"అల్లుడా, ఊరందరికి తీసినవ్. నా బిడ్డది ఒక్కటి తియ్యి. పిల్లకైన వాళ్లమ్మ మొకం ఎర్కుండాలె గద."

ప్లేటు లేదని కొండల్ చెప్పలేదు. కెమెరాలవాడి ఇంట్లో ఫోటోకు దిక్కు లేదని ఆ జనం ముందు ఎలా చెప్పడం? ఇత్తడి స్టాండు నిలబెట్టాడు. హంసల పరదా కట్టాడు. జర్మనీ లెన్సు బిగించాడు. నల్లగుడ్డలో తల పెట్టాడు. మసక అద్దం మీద రుక్మాబాయి తలకిందులుగా, స్పష్టంగా ఉంది. ఎక్కడా నీడ లేదు. వెనక పిడకలు లేవు. చెయ్యి కదల్లేదు. ఇన్నేళ్లుగా అతను కోరుకున్నవన్నీ కుదిరాయి. ఆ గుడ్డ కింద అతను దాని అంచే నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. బయటివాళ్లు సరిచూసుకుంటున్నాడనుకున్నారు.

తల బయట పెట్టి, ఖాళీ కెమెరాకు మూత తీశాడు. మనసులో అంకెలు చెప్పుకున్నాడు. మూత పెట్టాడు.

"అయింది. లేపుండ్రి" అన్నాడు.

బుచ్చమ్మ వచ్చినప్పుడల్లా ఫోటో అడిగేది. కాగితం దొరకడం లేదన్నాడు. లడాయి ముగిసి కాగితం వచ్చాక ప్లేటు పగిలిందన్నాడు. ఆ మాట విని ఆమె గడపలోనే చతికిలబడింది. లేచి పోయాక మళ్లీ ఆ ఇంటి మొహం చూడలేదు. కొండల్ కూడా కెమెరా ముట్టలేదు. పరదాను ఎలుకలు కొట్టాయి. నల్లగుడ్డను తలకు చుట్టుకుని, పాల క్యాన్లు మోసే పనిలో కుదిరాడు.

కమల మాత్రం అడిగేది. "అమ్మ ఎట్లుండె బాపూ?"

చెప్పబోయేవాడు. చెయ్యి మసగ్గా ఉండేదని గుర్తు. ఒక చెవి నీడలో ఉండేదని గుర్తు. గోడకు ఎన్ని వరసల పిడకలున్నాయో కూడా గుర్తు. కళ్లు మూసుకుంటే ఆ ప్లేటులోని తప్పులన్నీ వరసగా వచ్చేవి. నడుమ ఉండాల్సిన ముఖమే వచ్చేది కాదు.

"మంచిగుండె బిడ్డా" అని ఊరుకునేవాడు.

పిల్లకు ఎనిమిదేళ్లొచ్చాక ఒక పండుగ ముందు గాజులకని లాడ్ బజార్‌కు తీసుకుపోయాడు. సీతారాం సేటు వరసగా పెట్టెలు ముందుకు జరిపాడు. అందులో ఒక పెట్టె మూత మీద కొండల్ చూపు ఆగింది. అద్దానికి ఒక మూల పెచ్చు లేచి ఉంది.

"సేటూ, జర గీ మూత ఊడదియ్యవా? ఒక్కసారి సూసి ఇస్త."

"గాజులు కొనేతందుకొచ్చినవా, అద్దాలు కొనేతందుకొచ్చినవా భాయ్?" అని విసుక్కుంటూనే సీతారాం ఊడదీసి ఇచ్చాడు.

కొండల్ తలగుడ్డ విప్పి పరిచాడు. ఆ నలుపు మీద అద్దం పెట్టి, వాల్చి చూశాడు. ఇంకో పక్కకు వాల్చాడు. ఊది, తుడిచి, మళ్లీ చూశాడు. రుక్మాబాయి పాల చెంబులు ఎంత శుభ్రంగా తోమేదో, ఆ అద్దాన్నీ అంత శుభ్రంగా తోమింది. ఎక్కడా గీత కూడా లేదు.

బాపు ఏం చూస్తున్నాడా అని కమల అతని భుజం మీంచి వంగింది. వంగగానే ఆ పిల్ల ముఖం వెలిగింది.

"బాపూ, అద్దంల నేనున్న!"

కొండల్ గబుక్కున చూశాడు. నిజమే, అద్దంలో ముఖం ఉంది. నీడ లేదు, మసక లేదు. ఆశగా ఇంకా కిందికి వంగి వెతికాడు. వెడల్పు నుదురు. దొప్ప చెవులు. ముక్కూ తనదే, గడ్డమూ తనదే. ఎంత వెతికినా ఆ పిల్ల ముఖంలో రుక్మాబాయి లేదు.