గిస్లేన్ తుపాకీ, గిస్లేన్ పళ్ళు

ఊళ్ళో ఇళ్ళకు నల్లరాతి పలకలు కప్పే గిస్లేన్ దెల్ఫోస్, తన ఇంటి కప్పు కారితే మాత్రం కింద గిన్నె పెట్టి ఊరుకునేవాడు. ఆ చలికాలమంతా తీరిక దొరికితే చాలు, అతని చేతులు తుపాకీ మీదే.

అది పాతది కాదు. రెండువందల ఏళ్ళ కిందటి ఫ్రెంచి సిపాయి తుపాకీకి ఇటలీ కార్ఖానా చేసిన నకలు. మెరిసే వార్నిష్‌ను గాజుపెంకుతో గీకితే, వాన వెలిసిన నేలలా అసలు చెక్క బయటపడింది. దానికి అవిసె నూనె పట్టించి, అరచెయ్యి వేడెక్కేదాకా రుద్దాడు. గొట్టం మీది కంపెనీ పేరును ఆకురాయితో అరగదీశాడు. ఇనుమును ఇటుకపొడితో వెన్నెల రంగు వచ్చేదాకా తోమాడు. అతని దళంలో మిగతావాళ్ళు తమ తుపాకులకు తుప్పు పట్టించి పాతవి చేసుకునేవారు.

"వాటర్లూ యుద్ధంలో అది కొత్త తుపాకీయే కదరా," అనేవాడు గిస్లేన్. "తుప్పు కనిపిస్తే సార్జెంటు తోలు తీసేవాడు."

ఏటా జూన్‌లో ఆ మైదానంలో నాటి యుద్ధాన్ని మళ్ళీ ఆడి చూపే దళంలో నియమాలన్నీ అతనివే. చేతిగడియారాలు విప్పించాడు. మందుల షాపు తిబో కిందటేడు కళ్ళద్దాలతో వస్తే, వరసలోంచి తప్పించి నీళ్ళపీపా మోయించాడు.

ఫిబ్రవరిలో మంచు పట్టిన కప్పు మీంచి గిస్లేన్ జారిపడ్డాడు. ప్రాణం దక్కింది. పైవరస ముందుపళ్ళు నాలుగూ పోయాయి.

తిబో పలకరించడానికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"పెద్దాయనా, ఓ చిన్న సందేహం. తుపాకీలో మందు పొయ్యాలంటే తూటా కాగితం పళ్ళతోనే చించాలి కదా? పళ్ళు లేనోణ్ణి అప్పట్లో సైన్యంలో చేర్చుకునేవాళ్ళు కాదని చెప్పింది నువ్వేగా?"

"నేనే."

"పీపా ఖాళీగానే ఉంది మరి."

తిబో వెళ్ళాక భార్య ఒదీల్ నవ్వు ఆపుకుంటూ అంది. "కట్టుడుపళ్ళు పెట్టుకుని పో. ఎవడు చూడొచ్చాడు?"

"నాకు తెలుస్తుంది కదే. తుపాకీ మీద వార్నిష్ గీకేసి, నా నోట్లో ప్లాస్టిక్ పెట్టుకోనా?"

"అయితే నీళ్ళు మొయ్యి."

"మొయ్యను."

ఎడమవైపు లోపల, పైదీ కిందదీ ఒకదాన్నొకటి తాకే పళ్ళు రెండు కాగితం కొరకడానికి పనికొస్తాయనిపించింది. ఒదీల్ గొణుక్కుంటూనే కాగితపు తూటాలు చుట్టింది, మందుగుండు బదులు చక్కెర పోసి. మొదట్లో కాగితం చొంగలో నాని ముద్దయ్యేది, చక్కెర గడ్డం మీంచి రాలేది.

"చీమలకి పెళ్ళిభోజనం పెడుతున్నావు," అనేది ఒదీల్.

చేత్తో లాగకూడదని, తల తిప్పాలని, మెల్లగా తెలిసొచ్చింది. తోటలో చెర్రీలు ఎర్రబడే వేళకు కాగితం తెగింది.

జూన్ వచ్చింది. రై ధాన్యపు చేను మీద తెల్లవారుజాము మంచుబిందువులు ఇంకా ఆరలేదు. ఈసారి సార్జెంటు తిబోయే, నియమం ప్రకారం కళ్ళద్దాలు లేకుండా. వరస వెంట నడిచొచ్చి గిస్లేన్ ముందు ఆగాడు.

"నోరు తెరువు."

తెరిచాడు.

"పళ్ళేవి?"

"కప్పు మీద వదిలేశా."

వరసంతా నవ్వింది. తిబో నవ్వలేదు. "పీపా అదిగో."

గిస్లేన్ కదల్లేదు. "నియమం నాది. మార్చమని నిన్ను అడగను. సిపాయి అన్నవాడు కాగితం చించాలి, అంతేగా?" తూటా తీశాడు. తల తిప్పి చించాడు. "కనబడిందా?"

తిబో కళ్ళు చికిలించాడు. "లేదు."

"దగ్గరకి రా."

ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరకు వచ్చాడు తిబో. రెండో తూటా ఆ ఇద్దరి ఊపిరి మధ్య చిరిగింది. నల్లటి పొడి గిస్లేన్ పెదవి మీద రాలింది.

తిబో వెనక్కి జరిగాడు. "వరసలో ఉండు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు, "మరి నా కళ్ళద్దాలు?"

"జేబులోనే ఉండనీ."

తూటా చించమని ఆజ్ఞ వినిపించింది. గిస్లేన్ నోట్లోకి ఉప్పూ గంధకమూ దిగాయి, అన్నాళ్ళ చక్కెర తీపిని చెరిపేస్తూ. చూసేవాళ్ళకు కట్టిన తాడు అవతల నిలబడ్డ ఒదీల్ అన్ని నీలికోట్ల మధ్యా అతన్ని ఇట్టే పోల్చుకుంది. అందరి ముఖాలూ శత్రువు వైపే ఉంటే, వద్దన్నట్టు పక్కకు తిరిగిన తల అదొక్కటే.