నాయిన రేకుల మీద గీసిన తోవ

మా చిన్నప్పుడు... బడి గంట కొట్టాక ఇంట్లోంచి పరిగెత్తినా ప్రార్థనకు అందుకునేవాళ్ళం. సూర్యాపేటలో మా వాడకూ బడికీ మధ్య మూతపడిన రైసు మిల్లు ఒకటి ఉండేది. దాని ఆవరణలోంచే అందరం నడిచేవాళ్ళం. అటూ ఇటూ వేపచెట్లు, కానుగలు... నడి ఎండలో కూడా చెప్పులు లేకుండా పోవచ్చు. కూరగాయల గంపలతో మార్కెట్‌కు పోయేవాళ్ళు, దవాఖానకు పోయే ముసలివాళ్ళు, పుస్తకాల సంచులతో మేము... అందరికీ అదే నీడ.

మా నాయిన లారీలకు రంగులు వేసేవాడు. వెనక నెమళ్ళు, తామరపూలు, ముందు యజమాని పిల్లల పేర్లు... డబ్బాల అడుగున మిగిలిన రంగుతో నేనూ, చెల్లె పద్మా అరుగు మీద కొబ్బరి చిప్పలకు పూలు వేసుకునేవాళ్ళం. తర్వాత స్టిక్కర్లు వచ్చాయి. నాయిన పని తగ్గుతూ వచ్చింది.

ఒకరోజు పొద్దున చూస్తే తోవకు అడ్డంగా ఇనుప రేకులు... మిల్లు యజమాని, మేమంతా సేటు అనే ఆయన, దాన్ని పడగొట్టి పెద్ద కాంప్లెక్స్ కడుతున్నాడట. జాగా ఆయనదే. ఏమని అడుగుతాం అని ఎవరూ నోరెత్తలేదు.

ఇక హైవే అంచున పోవాల్సి వచ్చింది. ఆ వారంలోనే ఒక లారీ మమ్మల్ని ఒరుసుకుంటూ పోయింది. పద్మ భయపడి పక్కకు దూకి మోరీలో పడింది. మోకాలు చీరుకుపోయింది. పుస్తకాలన్నీ బురద...

అమ్మ గాయం కడిగి పసుపు అద్దుతూ, "ఇగ బడి వద్దు, ఏం వద్దు. ఇంట్ల ఉండుండ్రి" అంది. మా వాడలో అప్పటికే కొందరు ఆడపిల్లల్ని మాన్పించారు. నేనూ పద్మా తడిసిన పుస్తకాలను అరుగు మీద ఆరబెట్టుకుంటూ కూర్చున్నాం.

మా మొహాలు చూసి అమ్మకే మనసొప్పలేదు. గోడకు ఆనుకుని కూర్చున్న నాయిన దగ్గరికి పోయింది.

"రేకుల మీద బొమ్మలేసుడే గద నీ పని. గా అడ్డమున్న రేకులకు ఎయ్యరాదా?"

"ఏం బొమ్మ ఎయ్యాలె?"

"గాడికెల్లి ఎవరెవరు నడుస్తరో వాళ్లనే ఎయ్యి. అది ఉత్త జాగ అనుకుంటున్నడు సేటు."

తెల్లారి నాయిన నిచ్చెన వేశాడు. దాచిన డబ్బాలన్నీ బయటికి తీశాడు. ముగ్గులు వేసిన చెయ్యి కదా, చెట్ల ఆకులన్నీ అమ్మే వేసింది. కింద గడ్డి మాది... వాడంతా చుట్టూ చేరింది. కూరగాయలమ్మే ఎల్లమ్మ మాత్రం, "నా గంపల టమాటలు జర ఎర్రగ ఎయ్యి అన్నా" అని దగ్గరుండి వేయించుకుంది.

కొన్ని రోజుల్లో తోవంతా రేకుల మీదికి వచ్చేసింది. నడిచే మనుషులు నడిచినట్టే... అందరికంటే ముందు పూలసజ్జ పట్టుకుని కాంతమ్మ. ఆమె సేటు వాళ్ళమ్మ. మిల్లు పక్కన నందివర్ధనాలు కోసుకోవడానికి రోజూ ఆ చెట్ల కింద నడిచి వచ్చేది.

సంగతి తెలిసి సేటు కారులో వచ్చాడు.

"ఎవరినడిగి రంగులేసినవ్ ఎంకన్నా? రేకులు నావి."

"మీవే సేటు" అన్నాడు నాయిన. "రంగులు మావి. కాంప్లెక్స్ కట్టొద్దంటలేం. నడుమ జర తోవ ఇడిసి కట్టుండ్రి."

"తోవ ఇడిస్తే దుకాణాలు తగ్గుతయి. నష్టం ఎవరిది?"

అమ్మ ముందుకొచ్చింది. "నడిసేటోళ్లే దుకాణం ముంగట ఆగుతరు సేటు. బండి మీద పోయేటోళ్లు సర్రున పోతరు. దుకాణాలకు తోవ దిక్కు మొకం పెట్టి సూడుండ్రి."

ఆయన జవాబు చెప్పేలోపే జనం పక్కకు జరిగారు. తన బొమ్మ వేశారని విని కాంతమ్మే వచ్చింది. రేకుల దగ్గరికి పోయి తన బొమ్మను చేత్తో తడిమింది.

"నా నడక గిట్లనే ఉంటది" అంది మెల్లగా. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఇగ నేను యాడ నడువాలెరా... గా లారీల నడుమనా?"

సేటు తల్లిని కారెక్కించుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ వచ్చినప్పుడు వెంట ఇంజినీరు ఉన్నాడు. కారు ముందు భాగం మీద కొత్త ప్లాను పరిచి నాయినను పిలిచాడు. "ఇగో... నడుమ తోవ. చెట్లు ఒక్కటి కూడ కొట్టం. దుకాణాలన్నీ ఇటు దిక్కే తెరుసుకుంటయి. ఇగ రేకులు తీసెయ్యుండ్రి."

నాయిన మొదటి రేకు పట్టుకున్నాడు. వాడ వాడంతా కలిసి ఆ రేకులను పువ్వుల్లా ఎత్తి పక్కన పెట్టారు. పద్మ కుంటుతూనే అందరికంటే ముందు ఉరికింది... వెనకే మేమంతా. చూస్తున్న అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మా వాడ పిల్లలంతా మళ్ళీ బడికి పోయారు.

కాంప్లెక్స్ లేచింది. చెట్ల కింద బెంచీలు పడ్డాయి. సేటే పిలిచి బొమ్మలెయ్యమని పక్క గోడ మొత్తం నాయినకు అప్పజెప్పాడు. తోవ మీద నడిచేవాళ్ళ గిరాకీతో కాంప్లెక్స్‌లో దుకాణం దొరకాలంటే ఇప్పటికీ సిఫారసు కావాలి... ఆ గోడ చూసి కోదాడ నుంచి ఒకాయన వచ్చి, "మా పార్కుకు కూడా ఇలాంటి బొమ్మ వెయ్యాలండీ" అని నాయినను తీసుకుపోయాడు. తర్వాత మిర్యాలగూడలో ఒక బడి గోడ... నాయిన మళ్ళీ చేతినిండా పనితో బతికాడు. పద్మ చదువుకుంది. ఇప్పుడు టీచరు.

ఇప్పుడు ఏ ఊళ్ళో చూసినా భవనాలు రోడ్డు అంచుదాకా వచ్చేశాయి. అడుగు ఎక్కడ వేయాలో తెలియదు... నాలుగిళ్ళ అవతల పాలకు కూడా బండి తీస్తున్నాం. ఎదురైనవాళ్ళను "బాగున్నవా" అని అడిగే తీరికే పోయింది.

మీ ఊళ్ళో మీరంతా అడిగి నిలబెట్టుకున్న తోవ గానీ, చెట్టు గానీ, బొమ్మల గోడ గానీ ఉంటే చెప్పండి... ఒకసారి వచ్చి మీతో కలిసి నడవాలని ఉంది.