మంచినీళ్ళ గుర్తులు

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే నాకంటే ముందు మా అక్కే జవాబు చెప్పేస్తుంది: "గవ్వలేరుతుందండీ, నెల జీతానికి." నాకు ఒళ్ళు మండుతుంది. అవి గవ్వలు కావు, సముద్రంలో బతికే ఇసుక రేణువంత జీవుల గుల్లలు, మైక్రోస్కోపు కింద పెట్టి తడి కుంచె మొనతో ఒక్కొక్కటే ఎత్తాలి అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! అందరూ నవ్వుతారు. అక్కకి కావలసింది అదే.

ఆ జీవులు తాము బతికిన నీటిలోని ఆక్సిజన్‌తోనే గుల్ల కట్టుకుంటాయి. ఆక్సిజన్‌లో తేలిక రకం, బరువు రకం అని ఉంటాయి. నది నీటిలో తేలికది కాస్త ఎక్కువ, సముద్రపు నీటిలో కాస్త తక్కువ. పాత గుల్లలో తేలిక రకం పెరిగిందంటే ఆ కాలంలో సముద్రం వెచ్చబడి అయినా ఉండాలి, నది నీళ్ళు బాగా వచ్చి కలిసి అయినా ఉండాలి. ఏది అన్నది తేల్చలేకే మేం జుట్టు పీక్కుంటాం.

నిరుడు నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గరలో గొట్టం దింపి తీసిన మట్టి మా ల్యాబుకి వచ్చింది. బాగా లోతున ఒకచోట గుల్లల్లో తేలిక రకం ఎక్కువగా కనిపించింది. అది మా బావగారి పొలం పక్క మట్టే. ఉండబట్టలేక అక్కకి ఫోన్ చేశాను. "మీ పొలం పక్కనే అడుగున మంచినీళ్ళ గుర్తులు దొరికాయే!" అన్నాను. ఉప్పు లేని నది నీటిని మేం మంచినీరనే అంటాం. ఆ నీళ్ళు వేల ఏళ్ళ కిందట సముద్రంలో కలిసిపోయినవని చెప్పబోతుంటే కుక్కర్ కూతేసింది, అక్క ఫోన్ పెట్టేసింది.

పెళ్ళయిన నాటి నుంచీ అక్కది పట్నంలో, గవర్నర్‌పేటలో అద్దె బతుకే. కింద హోల్‌సేల్ కొట్లు, పైన రెండు గదులు. బావగారు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వాటాగా వచ్చిన ఆ పొలంలో ఇల్లు కట్టుకుందామని అక్క, తాగడానికి నీళ్ళేవని బావగారు. చుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పే మరి.

వారం తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది. "బోరు వేయిస్తున్నాం, వచ్చెయ్. కొబ్బరికాయ నువ్వే కొట్టాలి."

"అక్కడ బోరేంటే?"

"నువ్వేగా చెప్పావు, అడుగున మంచినీళ్ళున్నాయని! మీ బావగారు నీ మాట మీదే ఒప్పుకున్నారు."

"అవి పాత సంగతులే అక్కా, గుర్తులే, నీళ్ళు కావు!" అని ఒకటికి పదిసార్లు చెప్పాను. "దిష్టి తగులుతుందని దాస్తున్నావులే" అని నవ్వేసింది.

మర్నాడు నేను వెళ్ళేసరికే బోరు లారీ రొదపెడుతోంది. బావగారు ఎదురొచ్చి కుర్చీ వేయించారు. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పబట్టి ధైర్యం చేశానమ్మా" అన్నారు. "అది కాదండీ బావగారూ" అని మొదలుపెట్టానో లేదో, అక్క నా చెయ్యి గట్టిగా గిల్లింది. ఇంతలో నీళ్ళు పడ్డాయి. అందరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు.

నీళ్ళు తేటపడేదాకా ఆగి అక్క స్టీలు గ్లాసుతో పట్టింది. ఒక గుక్క తాగింది. "తియ్యగా ఉన్నాయండీ" అంది బావగారితో. ఆ గ్లాసు నాకందించింది.

ఉప్పు. నోట్లో పెట్టుకోలేనంత కాదు గానీ, ఆ నీళ్ళతో అన్నం వండుకోలేం, కాఫీ పెట్టుకోలేం. బావగారు నా మొహంలోకే చూస్తున్నారు. "నువ్వు చెప్పమ్మా" అన్నారు. ఆయన వెనక నిలబడి అక్క కళ్ళతోనే నన్ను బతిమాలుతోంది. జన్మలో ఎవరినీ బతిమాలి ఎరగని మనిషి. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఆ లారీ మీద, ఆ గుల్లల మీద, అన్నిటికంటే అక్క మీద.

"ఉప్పు నీళ్ళేనండీ" అన్నాను.

బావగారు వెళ్ళి మెషీను ఆపమని చెప్పారు. అక్క నా చేతిలోంచి గ్లాసు లాక్కుంది. మా ఇద్దరి వైపూ చూస్తూ, మిగిలిన నీళ్ళన్నీ గటగటా తాగేసింది.