మైకు లేని పద్యం

మా నాయన మల్లాపూర్‌లో రేకులు కొట్టే కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. నాచారం చర్చిలో నేను పాడే కీర్తనలంటే ఆయనకు ప్రాణం. ఇంటికొచ్చాక మళ్లీ పాడించుకునేవాడు. గొంతు పైకెత్తి, ఏ మాటకామాట విడిగా పలికితే తప్ప ఆయనకు అందేది కాదు. నాకు తెలియకుండానే అదే నా సాధన అయింది.

ఆ రోజుల్లో ఉప్పల్‌లో కొందరు ఉద్యోగులు కలిసి పద్యనాటకాలు వేసేవారు. ఆడవేషాలకు బయటి నుంచి ఒక నటి వచ్చేది. ఒకసారి ఆమెకు జబ్బు చేసింది. చర్చిలో నా పాట విని ఉన్న హార్మోనియం మాస్టారు మా ఇంటికి వచ్చి, రాణి వేషం కట్టమని అడిగారు. అమ్మ ఒప్పుకోలేదు. నాటకాలాడే పిల్లను ఎవరు చేసుకుంటారని ఆమె భయం. చర్చి పెద్దలూ వచ్చి వద్దనే చెప్పి వెళ్లారు. నాయన అందరి మాటలూ చెయ్యి చెవికి ఆనించుకుని విన్నాడు. అందరూ పోయాక నన్ను అడిగాడు.

"నీకు ఆడబుద్ధయితుందా బిడ్డా?"

"అయితుంది నాయినా."

"గట్లయితే ఆడు. నేనొస్త నీ ఎంబడి."

రిహార్సళ్లలో రాజు వేషం వేసే కోస్తా ఆయన నా యాస విని నవ్వేవాడు. రాణులు ఇలా మాట్లాడరమ్మా అనేవాడు. నాకు ఉక్రోషం వచ్చేది. ఇంటికి వచ్చి ఒత్తులూ దీర్ఘాలూ తప్పకుండా నాయన ముందు పాడేదాన్ని. ఏదైనా మాట అందకపోతే ఆయన చెయ్యెత్తేవాడు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేదాన్ని.

నాటకం బడి మైదానంలో. రాజు యుద్ధానికి బయల్దేరుతుంటే రాణి పాడే పద్యం ఎత్తుకున్నానో లేదో, మైకు పోయింది. జనం గోల పెట్టారు. ఆగుదామని రాజు సైగ చేశాడు. మాస్టారు మాత్రం శ్రుతి వదల్లేదు. నేను వేదిక అంచుకు వచ్చి పాడాను. ముందు వరుసల్లో గోల అణిగింది, తర్వాత వెనక కూడా. రాగం తీసి ముగించేసరికి మైదానమంతా నా గొంతే. వన్స్‌మోర్ అన్నారు. ఈలోగా మైకు బాగుచేసి తెచ్చినతన్ని మాస్టారు చేత్తోనే ఆపేశారు. మళ్లీ అట్లాగే పాడాను.

తెర దిగాక రాజు వేషం ఆయన నా దగ్గరికి వచ్చి, ఇక ఈ వేషం నీదేనమ్మా అన్నాడు. నాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మైదానం చివర ప్రహరీ గోడ పక్కన నిలబడి చూశాడట.

"ఒక్క మాట గూడ పోలేదు బిడ్డా. అన్ని ఇన్న."

ఆ తర్వాత ఘట్‌కేసర్, జనగామ, వరంగల్, ఎన్నో ఊళ్లు తిరిగాను. వాల్‌పోస్టర్ మీద నా పేరు రాజు పేరుకంటే పైన పడింది. ఆ నాటకాలు చూసే ఒక రైల్వే ఉద్యోగి నన్ను అడిగి పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయ్యాకా వేషం మానలేదు. నాచారంలో కొత్తవాళ్లు మా గల్లీలో దారి అడిగితే, నాటకాల అక్క ఇంటి పక్క నుంచి పొమ్మని చెప్పేవారు. లోపల వంట చేసుకుంటూ ఆ మాట వినడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.